ఉరవకొండలో వంజరం అడిగిన రోజు

మాది కాకినాడ. మే నెలలో పనిమీద ఉరవకొండ వెళ్ళినప్పుడు, సంతలో చేపలమ్మే ఒకావిడను వంజరం ఉందా అని అడిగాను. ఆమె తొట్టిలో చెరువు కట్ల చేపలే ఉన్నాయి.

"లేదన్నా. రెండు నెల్లు సముద్రంలో చేపల యేట బందు గదా. మేము శనక్కాయ ఇత్తే టయానికి వస్తాది. అప్పుడు ధర గూడా దిగుతాది" అంది.

సముద్రానికి ఇంత దూరంలో ఈ లెక్క తెలిసినందుకు ఆశ్చర్యపోయాను. ఐసులో పెట్టిన సరుకు దొరుకుతుంది కదా, ఇప్పుడు రెట్టింపు ధర పలుకుతుంది కూడా అన్నాను.

"దొరుకుతాదన్నా. పాతదీ వస్తాది, దొంగతనంగా పట్టిందీ వస్తాది. నాకొద్దు. అవి గుడ్లు పెట్టే కాలమంట. కరువొచ్చిన యేడు మా నాయన పస్తులున్నాడు గానీ, ఇత్తనం కాయల మూట ఇప్పలేదు. ఇత్తనం తినేస్తే మళ్లా చేన్లో యేమేస్తాము?"

మాది కాకినాడ అని చెప్పి, సముద్రం ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"యాడ చూసేదన్నా!" అని నవ్వింది. "మీవాళ్లు మాత్రం గట్టోళ్లు. సముద్రాన్ని వాకిట్లో పెట్టుకోని రెండు నెల్లు చెయ్యి పెట్టకుండా ఉండారంటే, మా నాయన కన్నా గొప్పోళ్లే."

కిందటి వేసవిలో, వేట నిషేధం ఉండగానే దొంగచాటుగా బోటు తీసిన మా అన్నయ్య గుర్తొచ్చాడు. ఆ చేపల పులుసు నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను. ఒక కట్ల తూచమన్నాను.