పైడయ్య వ్యానులో మాట రాని రేడియో

పైడయ్యకు ముక్కు మీద కోపమని జాలారిపేటలో అందరికీ తెలుసు. ఆయన భార్య గంగాలమ్మకు నోరు పెద్దదని కూడా అందరికీ తెలుసు. మొదటిది నిజం. రెండోదాని సంగతి చివర్లో పైడయ్యే చెబుతాడు. అంతవరకు గంగాలమ్మ మీద ఎవరూ తీర్పు చెప్పకుండా ఉంటే మంచిది.

పైడయ్య వయసంతా బోటు మీదే గడిచింది. వల లాగే కలాసీగా కాదు, ఇంజను నడిపే డ్రైవరుగా. ఇంజను పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని, దాని చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా నిద్రలోంచి లేచి చెప్పేవాడట. “పైడయ్య సెవికి తెలీని ఇంజను నేదు” అని హార్బరులో అనేవారు. మోకాళ్ళు అరిగి ఒడ్డుకు వచ్చేశాక కూడా కుర్ర డ్రైవర్లు ఆయన్ని పిలిచి ఇంజను చూపించేవారు. ఈమధ్య ఆయన చెవి ఒగ్గడం మానేసి ఇంజను మీద అరచెయ్యి ఆనించి చెప్పడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు అదేదో ఇంకా పెద్ద విద్య అనుకున్నారు. ఆయనా కాదనలేదు.

ఒడ్డుకు వచ్చాక పైడయ్య ఒక పాత వ్యాను కొన్నాడు. సీతమ్మధారలో రమణమూర్తి అనే లెక్చరరుగారు ఎంతో పదిలంగా వాడుకున్న బండి అది. పొద్దున్నే హార్బరులో చేపలు ఎత్తి, గంగాలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గోపాలపట్నం మార్కెట్టుకు తోలుకెళ్ళడం ఆయన పని, అక్కడ అమ్మడం ఆమె పని. బండి తయారైననాడే డాష్‌బోర్డులో బిగించిన రేడియో ఇంకా ఉంది. దాని రెండు గుండ్రటి మరలంటే పైడయ్యకు మహా ఇష్టం. బోటులో ఉన్నంతకాలం రేడియో వినే యోగం లేకపోయింది, ఇప్పుడు దర్జాగా వినాలని ఆశ.

ఆ ఆశే కొంప ముంచింది.

“డప్పు ఇనపడతన్నాది గానీ మాట ఇనపడతం నేదురా. పాడీవోడు నోట్లో ముద్దెట్టుకుని పాడతన్నట్టుంది,” అని ఒకరోజు గణేష్ దగ్గర బండి ఆపాడు. గణేష్ గంగాలమ్మ తమ్ముడు. వేటకు పోకుండా పని నేర్చుకుని గోపాలపట్నంలో కార్లకు స్పీకర్లు బిగించే కొట్టు పెట్టుకున్నాడు. నెమ్మదస్తుడు, అక్కంటే ప్రాణం.

గణేష్ తలుపు అట్టలు ఊడదీశాడు. ఉప్పుగాలికి పాత స్పీకర్ల కాగితం పుచ్చి చేతిలోకి పొడిపొడిగా వచ్చింది. “ఇదీ రోగం,” అని చూపించాడు. పైడయ్యకు ప్రాణం లేచొచ్చింది. కొత్త స్పీకర్లు పెట్టాక పాత వైర్ల రంగులు వెలిసిపోయి ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియలేదు. గణేష్ ఒక పెన్సిల్ సెల్లు తెచ్చి వైరు కొసలకు ఆనించాడు. స్పీకరు పొర టక్కున ముందుకొచ్చింది.

“ఇలా ముందరికొస్తే వైర్లు సరిగ్గా కలిపినట్టు బావా. రెండూ ఒక్కలాగే రావాల. ఒకటి ముందరికీ ఒకటి యెనక్కీ ఎల్తే పాటలో పస ఉండదు.”

పాత రేడియోకి బలం చాలదని సీటు కింద చిన్న ఆంప్లిఫయర్ పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి లావు వైరు లాగాడు. మరలు రెండూ యథాస్థానంలోనే ఉన్నాయి. రేడియో పెట్టగానే గంగాలమ్మ మొహం చేటంత అయింది. “ఎంత బాగుందిరా తమ్ముడా!” అంది.

పైడయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు. “డప్పు పెరిగింది. మాట రానేదు.”

గణేష్ విసుక్కోలేదు. ఇంకోరోజు రమ్మని డాష్‌బోర్డు మీద రెండు ట్వీటర్లు బిగించాడు. బొటనవేలంత ఉండే చిన్న స్పీకర్లు, సన్నటి శబ్దాలన్నీ వాటిలోంచే వస్తాయి. మాట తేటగా వినబడాలంటే అవే కావాలి. గంగాలమ్మ చెవులు మూసుకుని, “గీ పెడతన్నాయిరా, తగ్గించు!” అని అరిచింది. పైడయ్య వాటికి చెవి ఆనించి చూశాడు. చడీ చప్పుడూ లేదు. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని నాటకమాడుతున్నారని తీర్మానించుకున్నాడు. మనిషికి తన మీద తనకు అనుమానం రావడం ఎంత కష్టమో చూడండి, సొంత పెళ్ళాం మీద మాత్రం ఇట్టే వచ్చేసింది.

మర్నాడు హార్బరులో వేలంపాట దగ్గర నలుగురూ వినేలా, “నా బావమరిది నాకు సచ్చిపోయిన సరుకు అంటగట్టీసినాడు. సొంతోళ్ళనే మోసం సేసినోడు పైవోళ్ళని ఒగ్గుతాడా?” అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. తగాదాను పేట పెద్దల ముందు పెట్టాడు.

పేటలో తగాదా వస్తే, దేని మీద తగాదానో దాన్ని తెచ్చి పెద్దల మధ్య పెట్టడం పద్ధతి. వల తగాదా అయితే వల, లంగరు తగాదా అయితే లంగరు. స్పీకర్ల తగాదా అంతవరకు రాలేదు కాబట్టి వ్యానునే తోలుకొచ్చి వలల పాక ముందు, పెద్దల మధ్య నిలబెట్టారు. పేట పెద్ద నూకరాజు కుర్చీలో కూర్చున్నాడు. వలలు బాగుచేసే ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వ్యాను నీడలో ఒక కుక్క పడుకుంది.

“పెద్ద స్పీకర్లు పీకీసి, ఆ సిన్నవే మోగించు, సూద్దాం,” అన్నాడు పైడయ్య, గెలిచేసినవాడిలా.

గణేష్ తలుపుల్లోని స్పీకర్ల వైర్లు విప్పేసి రేడియో పెట్టి మర తిప్పాడు. పైడయ్య ట్వీటరు పక్కనే చెవి పెట్టి నిలబడ్డాడు. “ఇంకా తిప్పు,” అన్నాడు. తిప్పాడు. “ఇంకా!” ఆఖరుదాకా తిప్పాడు.

“సూసారా? సచ్చిపోయి ఉన్నాయి! నాను సెప్పనేదా?” అంటూ పైడయ్య జనం వైపు తిరిగాడు.

నూకరాజు రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగులు చెవుల్లో కుక్కుకున్నారు. కుక్క లేచి ఒడ్డు వైపు పరిగెడుతోంది. గంగాలమ్మ మాత్రం చెవులు మూసుకోలేదు. మొగుడి మొహం చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

పైడయ్యకు అర్థమైంది. అర్థమైందని గణేష్‌కూ అర్థమైంది. గబుక్కున రేడియో కట్టేసి, పెద్దల ముందుకొచ్చి, పైడయ్యకు వినబడేలా గట్టిగా అన్నాడు: “బావ సెప్పిందే నిజం. సరుకు మంచిది కాదు. తప్పు నాదే.”

నూకరాజు చేతులు దించాడు. పైడయ్య వైపు తిరిగాడు. “పైడయ్యా, నువ్వేటంటావురా?” అని గొంతు చించుకుని అడిగాడు. అది దారి ఇవ్వడమే. ఆ మాట పట్టుకుని పైడయ్య నిజం చెప్పేసి ఉంటే అంతటితో పోయేది. కానీ కుర్ర డ్రైవర్లు చూస్తున్నారు. ‘పైడయ్య సెవి’ అని పేరు పెట్టిన హార్బరంతా అక్కడే ఉంది.

“ఆడే ఒప్పీసుకున్నాడు కదా,” అన్నాడు పైడయ్య, నేల చూస్తూ.

తప్పు ఒప్పుకున్నవాడి పద్ధతి ప్రకారం గణేష్ భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, పెద్దలకు వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని తన ట్వీటర్లు తనే ఊడదీసుకున్నాడు. బావ వైపు కోపంగా చూడలేదు. చూసి ఉంటే పైడయ్యకు కొంచెం సుఖంగా ఉండేది.

ఆ రోజు నుంచి పైడయ్యకు అన్నం సయించలేదు. పేటలోని ఆటోలూ వ్యాన్లూ గణేష్ కొట్టు దాటి ఇంకో కొట్టుకు వెళ్ళడం మార్కెట్టులోంచి కనబడుతూనే ఉంది. గంగాలమ్మ పక్క సీట్లో కూర్చుని పెదవులు కదుపుతూ కనబడుతుంది, అంతే. ఇదివరకు ఆమె అలిగి గొణుగుతోందని కసురుకునేవాడు. ఇప్పుడు కసురుకోవడానికీ మొహం చెల్లడం లేదు. చేపల ధర చెప్పాలన్నా, బండి పక్కకు తియ్యమన్నా, కాఫీ తాగుతావా అని అడగాలన్నా ఆమె మెడ నరాలు ఉబ్బేలా అరవాల్సి వస్తోందని మొదటిసారి కళ్ళారా చూశాడు.

ఒక పొద్దున హార్బరులో అశోక్ అనే కుర్ర డ్రైవరు ఆయన్ని చెయ్యి పట్టుకుని బోటులోకి తీసుకెళ్ళాడు. “ఇంజనేటో తేడాగా కొడతంది బావా. నువ్వు సెప్పీ. గణేష్ గాడిలాగ మోసం సేసే మనిసివి కాదు నువ్వు,” అన్నాడు చెవి దగ్గర నోరు పెట్టి.

పైడయ్య ఇంజను మీద అరచెయ్యి పెట్టబోయాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది.  దాన్ని వెనక్కి తీసుకుని బోటు దిగి, వేలంపాట జరుగుతున్న చోటికి నడిచాడు.

నూకరాజు అక్కడే ఉన్నాడు. వ్యాను దగ్గర నుంచి గంగాలమ్మ, “మావా! బేగి రా! సేపలు పాడైపోతన్నాయ్!” అని కేక పెట్టింది. “అమ్మో, దీని నోరు! మొగుణ్ణి కుక్కని కసిరినట్టు కసురుతాది,” అని బుట్టల దగ్గర ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ మాట పైడయ్యకు వినబడలేదు. నవ్వులు కనబడ్డాయి. ఎందుకు నవ్వారో ఊహించగలిగాడు. ఆ నవ్వులు ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు, తనూ కలిసి నవ్వాడు కూడా.

భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. వేలంపాట ఆగిపోయింది.

“గణేషు మోసం సెయ్యనేదు,” అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియక హార్బరంతా దద్దరిల్లేలా అన్నాడు. “ఆడి సరుకు మంచిదే. నాకే ఇనపడదు. ఇంజను నా సెవులు తినీసింది. ఆ దినం మీరందరూ సెవులు మూసుకుంటే సూసినాను. సూసీ నోరెత్తనేదు. ఆడి సేత తప్పొప్పించినాను.” గంగాలమ్మ వైపు చెయ్యి చూపించాడు. “నా ఆడదానికి నోరు పెద్దదంటారు. దానికి నోరు పెద్దది కాదు. అరిస్తే గానీ నాకు ఇనపడదని అరుత్తంది. మీరు నవ్వితే నానూ నవ్వీసినాను.”

ఎవరూ నవ్వలేదు. నూకరాజు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. గోపాలపట్నం వెళ్ళి ముందు గణేష్‌కు దణ్ణం పెట్టమని చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. పైడయ్య తలూపాడు.

గంగాలమ్మ చేపల బుట్ట దించేసి జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. ఏదో అంది. ఆయన చెవుడు ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి, ఊరు వింటున్నా, అరవకుండా అంది. అక్కడున్న వాళ్ళందరూ ఆ మాట విన్నారు. ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

పైడయ్యకు వినబడలేదు. ఆమె పెదవుల వంకే చూస్తూ, పెళ్ళైన కొత్తలో ఆ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. గుర్తు రాలేదు.