రైల్ల వచ్చినమని చెప్పు

మా మేనత్త గువాహటిలో ఉంటుంది. మామ రైల్వేలో పనిచేస్తూ బదిలీ మీద అక్కడికి వెళ్ళి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. చంద్రపూర్‌లో మా ఇంట్లో ఆ ఊరి పేరెత్తితే చాలు, బాపుది ఒకటే మాట: "రెండు దినాల తొవ్వ బిడ్డా. మధ్యల బండి మారాలె." ఆ మాటతోనే అత్తవాళ్ళ గృహప్రవేశం తప్పించుకున్నాడు, ఆమె కూతురి పెళ్ళి తప్పించుకున్నాడు. పోయినేడు మామ చనిపోయినప్పుడూ అదే అన్నాడు. "సరే అన్నా, నువ్వొచ్చేసరికి అంతా అయిపోతది" అని ఫోన్‌లో అత్తే ఆయనకు సర్దిచెప్పింది. ఆ తర్వాత ఏడాదిగా ఆమె ఒక్కతే ఉంటున్నా బాపు కదల్లేదు.

ఈసారి నాకు ఒళ్ళు మండింది. నేను పనిచేసే బడికి సెలవులివ్వగానే, ఆయన్ని అడక్కుండా ఇద్దరికీ విమానం టికెట్లు తీశాను. మా ఇంటి వరండాలో కూర్చుని బాపు నింపాదిగా అడిగాడు.

"ఎన్ని గంటలైతది?"

"నాగపూర్ దాకా బస్సుల పోవాలె. ఆడికెల్లి ఢిల్లీ, ఢిల్లీకెల్లి గువాహటి. గాలిల ఉండేది మొత్తం నాలుగు గంటలు."

"నాలుగేనా?"

బాపు సాస్తి బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు డంపర్ లారీ నడిపాడు. ఆయనకు కాలమంటే ఎనిమిది గంటల డ్యూటీ లెక్కే. కాసేపు గోడవైపు చూసి, "అంటే సగం డ్యూటీ" అన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

విమానంలో మాత్రం ఆయన్ని చూసి నవ్వాపుకోలేకపోయాను. తను నడపని బండిని ఏనాడూ నమ్మని మనిషి. గువాహటిలో దిగుతున్నంతసేపూ కుడికాలితో ముందు సీటు కింద బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "ఇడిసిపెట్టు బాపూ, అదే ఆగుతది" అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. విమానం ఆగాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, అత్తకు రైల్ల వచ్చినమని చెప్పు."

"ఎందుకు?"

"ఇమానం ఉంటదని నాకెర్కనే. ఎన్ని గంటలని మొన్నటిదాకా ఎవల్నీ అడగలే. అడిగితే పోవాలె గదా. బావ లేని ఇంట్ల అది ఏడుస్తుంటె సూడలేననుకున్న. సగం డ్యూటీ అంత తొవ్వకు రాలేదని తెలిస్తే, ఇగ నా మొకం సూస్తదా?"

ఏడాదిగా ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఆ సీట్లోనే కరిగిపోయింది. సరేనన్నాను.

అత్త గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. బాగా చిక్కిపోయింది. అన్నను చూసి ఏడవలేదు, "వచ్చినవా" అని మాత్రం అంది. బాపు ఆమె ముఖం చూడకుండా చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు. నేనే తొందరపడి, "రైలు మస్తు లేటయిందత్తా, నడుములు పడిపోయినయ్" అన్నాను.

అత్త నా చేతిలోని బ్యాగు అందుకుంది. విమానాశ్రయంలో దాని పిడికి చుట్టిన కాగితం పట్టీ ఇంకా అలాగే వేలాడుతోంది. అత్త దాన్ని చూసింది, తెంపింది, ఉండచుట్టి కొంగుచాటున దాచేసింది. లోపలికెళ్ళి బేసిన్‌లో వేడినీళ్ళు తెచ్చి, బాపు కుర్చీ ముందు పెట్టి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"రెండు దినాలు కూసోని వచ్చినవ్ అన్నా, కాళ్ళు వాసుంటయ్. గిండ్ల పెట్టు."

బాపు కాళ్ళు వాయలేదు. వాటిని కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"చెల్లె, నేను రైల్ల రాలే."

"ఎర్కనే" అంటూ అత్త ఆయన కాలిని రెండు చేతులతో పట్టుకుంది. "నీళ్ళు సల్లగయితున్నయ్, పెట్టన్నా."