రొట్టె ముట్టని ఇద్దరు

షీనా తీసిన సినిమాకి బహుమతి రాలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నడగొద్దు. యూరప్‌లో ఎక్కడో విద్యార్థులకి పెట్టిన పొట్టి సినిమాల పోటీ అది. గొడవపడ్డవాళ్లలో ఒకరి బాధ ఇంకొకరికి ఎలా తెలుస్తుందో అయిదు నిమిషాల్లో చూపించాలి. మెల్‌బోర్న్‌లో సినిమా కోర్సు రెండో ఏడు చదువుతున్న షీనాకి గొడవను వెతుక్కునే పని లేకపోయింది. ఇంట్లోనే ఉంది.

తండ్రి మరియదాసు ఆ ఊరి శివార్లలో, ట్రుగనీనాలో ఒక గోడౌన్‌లో పనిచేస్తాడు. మేనత్త అమృతం ఆ పక్కనే టార్నీట్‌లో ఉంటుంది. అమృతం భర్త పోయిన రోజున మరియదాసుకి సెలవు దొరకలేదు. సమాధి పూడ్చేశాక వచ్చాడు. "మీ బావ పెట్టెకి భుజం పట్టనోడివి, నువ్వు నాకు తమ్ముడివి కాదు," అని అక్క అందరి ముందూ అనేసింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. అయినా ఇద్దరూ ఆదివారం ప్రార్థనకి మా తెలుగు క్రైస్తవ సంఘానికే వస్తారు. ఆయన ముందు వరుసలో, ఆమె చివరి వరుసలో. పంతం పట్టడంలో మా కోనసీమ వాళ్ల తర్వాతే ఎవరైనా!

యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనానికి మాకో నియమం ఉంది. తోడబుట్టినవాళ్లతో సమాధానపడనివాళ్లు రొట్టె ముట్టకూడదు. పళ్లెం తిరుగుతున్నంతసేపూ అందరం కళ్లు మూసుకుంటాం. ఎవరు తీసుకున్నారో చూడటం మర్యాద కాదు. తండ్రి తీసుకోవడం లేదని పక్కన కూర్చునే షీనాకి మాత్రం తెలుసు. అదే సినిమాగా తీద్దామని, పాస్టరు గారిని అడిగి, ముందు పాటలు పాడేవాళ్ల పక్కన, జనం వైపు తిప్పి కెమెరా పెట్టింది.

ఇంటికొచ్చి చూసుకుంటే తండ్రి రొట్టె తీసుకోకుండా పళ్లేన్ని పక్కవాళ్లకి అందించేయడం కనిపించింది. చివరి వరుసలో అమృతం కూడా అలాగే అందించేసింది.

పోటీకి పంపాలంటే సినిమాలో కనబడినవాళ్ల అనుమతి ఉండాలి. షీనా ల్యాప్‌టాప్ తీసుకుని తండ్రి దగ్గరికెళ్లింది.

"ఇంటి గుట్టు తీసుకెళ్లి యూరప్‌లో పెడతావా?" అని కేకలేశాడాయన.

"డాడీ ప్లీజ్, జస్ట్ వన్స్. బ్యాక్‌లో అత్తని చూడండి."

చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. "అక్క కూడానా?" అని ముఖం కప్పుకుని ఏడ్చేశాడు. తాను ఎండిన నోటితో కూర్చుంటే, ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు తింటోందని ఇన్నేళ్లూ మండిపడ్డ మనిషి మరి.

వెంటనే కూతుర్ని కారెక్కించుకుని టార్నీట్ వెళ్లాడు. అమృతం తలుపు తీసింది గానీ కూర్చోమనలేదు. షీనా నిలబడే సినిమా చూపించింది. అమృతం తెర మీది తమ్ముణ్ణి చూసింది, తర్వాత ఎదురుగా ఉన్నవాణ్ణి చూసింది.

"నువ్వు తీసుకుంటన్నావనే అనుకున్నాన్రా, దాసూ."

"నేనూ అంతే అక్కా. ఉద్యోగం పోతే పోయిందని ఆ రోజు రావాల్సింది. బావని మొయ్యలేకపోయాను."

ఇది తీసుంటే బహుమతి వచ్చేదేమో. షీనాకి కెమెరా సంగతే గుర్తు లేదు, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఆయన్ని మొయ్యడానికి చాలామంది వచ్చార్రా," అంది అమృతం. "నన్ను పట్టుకోడానికే ఎవరూ లేకపోయారు."

మరియదాసు ముందుకొచ్చి అక్కని పట్టుకున్నాడు.