జలుబు తగ్గాక వేయిద్దామన్న సూది

యూనివర్సిటీలో లెక్కలు చూడటం నా పని. ఊపిరితిత్తుల జబ్బు చంటిపిల్లల్లో ఎంత ముదురుతుంది, టీకా పడితే ఎంత తగ్గుతుంది అన్నది మా పరిశోధన. టీకా పడిన బిడ్డకూ జలుబు వస్తుంది. డొక్కలు ఎగరేసేదాకా పోతుందా అన్నదే ప్రశ్న. గణాంకాలు నాకు ఎవరూ నేర్పలేదు, పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. టీకా తప్పిన ఇళ్లకు ఫోన్ చేసి కారణం అడగడం కూడా నా పనే.

అలా ఫోన్ చేసిన ఇళ్లలో ఒకటి లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉంది. మూడో నెలలో న్యుమోనియాతో పోయిన పిల్లవాడి నానమ్మ ఫోనెత్తి, టీకా వేసే రోజు ఊళ్లో లేమని చెప్పింది. మర్నాడు తార్నాకలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా గదికి వచ్చింది.

"అబద్ధం చెప్పిన సారూ," అంది కూర్చోకుండానే. "ఊర్లనే ఉన్నం. పోరనికి ముక్కు కారుతుండె. సర్దిల సూదేంది, తగ్గినంక ఏపిద్దామని నేనే ఆపిన. కోడలు అప్పటికే చెప్పులేసుకున్నది."

మామూలు జలుబుకు టీకా ఆపనక్కర్లేదు. ఆ మాట ఆస్పత్రిలో ఎవరో చెప్పారట, పిల్లవాడు పోయాక. అప్పటి నుంచి కోడలు ఆమెతో మాట్లాడటం లేదు.

"గిన్ని లెక్కలున్నయి గద నీ దగ్గర. నా కోడలికి ఫోన్ జేసి ఒక్క మాట చెప్పు బిడ్డా. సూదేసినా పోరడు దక్కకపోతుండె అని."

"ఎంతోమంది పిల్లల్ని కలిపి చూస్తేనే టీకా సంగతి తెలుస్తదమ్మా. ఒక్క బిడ్డ సంగతి లెక్కల్ల రాదు. నేనెట్ల చెప్పాలె?"

"మరి దక్కుతుండె అంటవా?"

"అదీ చెప్పలేనమ్మా."

"ఏం సదువయ్యా నీది!" అంది. గొంతులో కోపం లేదు.

కోడలికి ఫోన్ మాత్రం చేశాను. అత్తగారు ఏమడిగిందో, నేనేమన్నానో ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆమెకు షుగరున్నది సార్," అంది ఆ అమ్మాయి. "పొద్దుగాల ఏం తినకుండనే ఎల్లింది. ఏమన్న తినిపియ్యుండ్రి."

"మాట్లాడతవామ్మా? ఫోనిస్తా."

"వద్దు సార్." పెట్టేసింది.

క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి ముందు పెట్టాను.

"ఏమన్నది?"

"నిన్ను తినమన్నది."

ఆమె ముక్క తుంచి అలాగే చేతిలో పట్టుకుంది.

"అది తిన్నదా, అడిగినవా?"

అడగలేదు.