కాసులమ్మ కనురెప్పలు

చేపల రేవులో కాసులమ్మ గడ్డం ఎత్తిందంటే పాట పెరిగినట్టే లెక్క. వేలంలో మగవాళ్ళు అరుస్తారు. ఆడవాళ్ళు గడ్డం ఒక్కసారి ఎత్తితే చాలు, పాట పెట్టే కన్నబాబు ధర పెంచి కేకేస్తాడు. చివరగా ఎవరి గడ్డం లేస్తే గంప వాళ్ళది. కాదు కూడదంటే ఆ రేవులో కుదరదు. మొగుడు పోయిన నాటి నుంచీ కాసులమ్మ ఇలాగే గంపలు గెలుచుకుని, వన్ టౌన్ సందుల్లో అమ్మి, కొడుకును పెంచి పెళ్ళి కూడా చేసింది.

పందొమ్మిది వందల ఎనభై మూడులో వచ్చింది తంటా. ఎండకీ ఉప్పుగాలికీ ఆరి వదులైన చర్మం కనురెప్పల మీదకి జారి, కళ్ళని సగం మూసేసింది. ఎదుట ఏముందో చూడాలంటే తల వెనక్కి వాల్చాలి. తల వాలిస్తే గడ్డం లేస్తుంది. ఏ పడవ వచ్చిందో చూద్దామని తలెత్తితే, మెత్తబడిపోయిన కవళ్ళ చేపల గంపను, అది పాటే అనుకుని ఆమె పేరునే కొట్టేశాడు కన్నబాబు. అలా ఒకసారి కాదు, మూడుసార్లు.

మూడోసారి కన్నబాబే విసుక్కున్నాడు. "అత్తా, నీది పాటో సూపో నాకు తెల్డం లేదు. పై వారం నించి నీ కోడల్ని పంపీ. నువ్వు ఇంటికాడ కూకో."

"కూకుని కునుకు తియ్యి. ఎలాగూ నిద్దర మొకమే గదా!" అంది పోటీకి పాడే వరహాలు. అందరూ నవ్వారు.

కాసులమ్మకి ఒళ్ళు మండిపోయింది. కోడలు మంచిదే, కానీ చేప మొప్ప ఎత్తి చూడటం కూడా రాదు. అయినా, కాళ్ళూ చేతులూ ఆడుతుండగా తన చోటు ఇంకొకరికి ఎందుకు వదలాలి?

ఆ రాత్రి రెప్పలకి ఆముదం పట్టించి మర్దనా చేసింది. మర్నాడు రెప్పని పైకి లాగి, నుదుటికి ప్లాస్టరు అంటించుకుంది. చెమటకి అది ఊడుతూ ఊడుతూ చర్మాన్ని కూడా లాక్కుపోయింది. ఇక క్రీమే గతి అనుకుని, రోజూ తన దగ్గర చేపలు కొనే మదీనా బీ ఫ్యాన్సీ కొట్టుకి వెళ్ళింది.

"ఎగదీసే క్రీము ఇయ్యి, బీబీ."

ఇంకొకరైతే డబ్బా అంటగట్టేవారే. మదీనా బీ మాత్రం తల అడ్డంగా ఊపింది. "నునుపు చేసేది ఉంది గానీ కాసులమ్మా, ఎగదీసేది ఏ డబ్బాలోనూ లేదు. మా ఆడబిడ్డకీ ఇదే బాధ. పెద్దాసుపత్రికి పద, నేనూ వస్తా."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు రెప్పలు ఎత్తి దించి చూసింది. కండ బలంగానే ఉంది, చర్మమే వదులైంది అని తేల్చింది. "మర్దనా మానెయ్యి, అది ఇంకా సాగదీస్తుంది. క్రీము తడినిస్తుంది అంతే, పైకి లేపదు. మిగిలిన చర్మాన్ని కోసి, ముడతలోనే కుట్లేస్తే గుర్తు పెద్దగా కనపడదు. సూది మందిస్తాం, నొప్పి తెలియదు. కొన్నాళ్ళు వాపు, నలుపు ఉంటాయి. ఎక్కువ కోస్తే కన్ను మూతపడదు, అందుకని కొలిచి కోస్తాం. మళ్ళీ పడుచుదానివి మాత్రం అవ్వవు."

"బుగ్గలూ జారిపోనాయి కదమ్మా, వాటినీ లాగుతారేటి?"

"లాగేవాళ్ళున్నారు. అది పెద్ద ఆపరేషను, పూర్తి మత్తు ఇవ్వాలి. నీకు అవసరమా?"

కాసులమ్మ బుగ్గలు ఒకసారి తడుముకుంది. "బుగ్గలతో నాను పాట పాడనమ్మా. ఆటిని అలా ఒగ్గీ. కళ్ళు సూడు."

ఆపరేషనయ్యాక మొహం ఉబ్బి, తనే భయపడింది. ఐదో రోజు కుట్లు తీశారు. మూడో వారం తెల్లవారుజామున గంప పట్టుకుని రేవుకి నడిచింది. కోడలు ఇంట్లోనే ఉంది.

ఆ పొద్దు వంజరాలు పడ్డాయి. కన్నబాబు పాట మొదలెట్టాడు. కాసులమ్మ తల నిటారుగా పెట్టి నిలబడింది. పడవలు, గంపలు, వరహాలు మొహంలో తొందర, అన్నీ ఒక్క చూపులో కనిపించాయి. మొదటి గంపలో పైవరస నిగనిగలాడుతోంది గానీ కింద చేపల కళ్ళు లోపలికి పోయాయి, నిలవ సరుకు. ఆమె కదల్లేదు. వరహాలు ఎగబడి పాడేసుకుంది.

రెండో గంప చేపల్లోంచి ఇంకా తాజా రక్తం కారుతోంది. ధర నాలుగుసార్లు పెరిగింది. పాడేవాళ్ళు తగ్గారు. అప్పుడు కాసులమ్మ గడ్డం ఒక్కసారి లేచి దిగింది.

కన్నబాబు పాట ఆపాడు. "అత్తా... ఇది పాటేనా, సూపేనా?"

కాసులమ్మ కళ్ళు పూర్తిగా తెరిచి వాడి మొహంలోకి చూసింది. అంత దూరం నుంచి వాడి కళ్ళలోకి చూసి ఏడాది దాటింది.

"పాటేరా. కొట్టెయ్యి!"

వాడు కొట్టేశాడు. కాసులమ్మ వంగి, ఎవర్నీ చెయ్యి వేయమనకుండా గంప నెత్తికెత్తుకుంది.