నాయన కారుకు మైనమా, సీలెంటా?

గ్రూపులో అందరూ బాగున్నారా... మోమిన్‌పేట వదినా, మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందా? మాత్రలు అన్నం తిన్నాకే వేసుకుంటున్నావా? బొంరాస్‌పేట చిన్నమ్మా, కంటి ఆపరేషన్ అయినాక ఫోను చూడొద్దన్నారట, ఇది నీ మనవరాలితో చదివించుకో. తాండూరులో మా తమ్ముడికి నడుము నొప్పి, మందు రాస్తున్నాడో లేదో... నా బీపీ సంగతి సరే, అది ఎప్పుడూ ఉండేదే. ఇక మిగిలింది తమ్ముడింటి షెడ్డులో ఉన్న మా నాయన కారు. ఈ వారమంతా నాకు దాని ఫికరే.

మా చిన్నప్పుడు... తాండూరులో మా ఇంటి వెనకాలే బండలు పాలిష్ చేసే మిల్లు ఉండేది. పొద్దంతా తెల్లటి దుమ్ము. ఆరేసిన బట్టల మీద, కడిగి బోర్లించిన గిన్నెల మీద, మా కనురెప్పల మీద కూడా అదే.

నాయన ఒక కందుల సేటు దగ్గర డ్రైవరు. సేటు కొత్త కారు కొన్నప్పుడు పాత అంబాసిడర్‌ను నాయనకే ఇచ్చేశాడు. ఆకుపచ్చ రంగు. నాయన ముందు దానికి రేకుల షెడ్డు వేశాడు... ఆ తర్వాతే మా వంటింటికి తలుపు పెట్టించాడు. అమ్మ ఆ మాట జీవితాంతం దెప్పింది.

పొడిగుడ్డతో కారును ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ముందు చెంబుతో నీళ్లు పోసి దుమ్మును జారనివ్వాలి, ఆ తర్వాతే తడిగుడ్డ. ఆరినాక చిన్న రేకు డబ్బాలోంచి మైనం తీసి, పాత ధోవతి ముక్కకు అద్ది, సున్నాలు చుట్టినట్టు రాసేవాడు. అది తెల్లగా పొరకట్టేదాకా మేము అరుగు మీద కూర్చుని చూసేవాళ్లం. మెత్తటి గుడ్డతో తుడిచి నీళ్లు చిలకరిస్తే... చామాకు మీద నిలిచినట్టు బొట్లు బొట్లుగా నిలిచేవి. కిరసనాయిలూ కొవ్వొత్తీ కలిసినట్టుండే ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

ఒకసారి నాయన బంధువుల ఇంట్లో చావుకని బొంరాస్‌పేట పోయి కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. అమ్మ నాకంటే పెద్ద భయస్తురాలు. కారు మీద దుమ్ము పడుతుందని ఇంట్లో ఉన్న గొంగడి తెచ్చి కప్పేసింది. నాయన వస్తున్నాడని తెలిసి దాన్ని లాగేసరికి... గొంగడి గరుకు, దాని కింద బండల దుమ్ము. బానెట్ అంతా కోళ్లు గీరినట్టు గీతలు.

అమ్మ వెంటనే మిల్లుకు పోయి, బండలకు మెరుపు తెచ్చే పొడి దోసెడు అడుక్కొచ్చింది. బండనే అద్దంలా చేసేది రేకును చేయదా అనుకుంది పాపం. తడిగుడ్డ మీద వేసి రుద్దింది, రుద్దింది... గుడ్డ పచ్చగా అయ్యింది. కారు మీద అరచేయంత మేర రంగు పోయి, కిందున్న ఎర్రటి పూత బయటపడింది.

నాయన వచ్చి ఆ ఎర్రటి చోటును వేలితో తడిమి చూశాడు. అమ్మ తలుపు చాటునే ఉంది. ఆయన అన్నది ఇంతే.

"బండ రుద్దితే రుద్దినంత మెరుస్తది. దీనికున్నది ఉల్లిపొర లెక్క రంగు. జర పైలం."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ రంగు వేయించమని అడిగింది. నాయన ఒప్పుకోలేదు. ఆ ఎర్రటి చోట కూడా మైనం రాశాడు. "ఉండనియ్యి, నువ్వు పెట్టిన బొట్టు" అన్నాడు. ఆనాటి నుంచి మా కారుకు బొట్టుంది.

ఇప్పుడు సంగతికి వస్తాను. అంత పాత రంగు కదా, మసకబారింది. తమ్ముడు కార్లకు పూతలు వేసే షాపులో మాట్లాడి వచ్చాడు. వాళ్లు మైనం బదులు సీలెంట్ అనే గట్టి పూత వేస్తామన్నారట. కానీ ముందు మిషన్‌తో పై పొర తీయాలట. అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఉన్నదే ఉల్లిపొర... మిషన్ తిరిగితే ఏం మిగులుతుంది? నాయన చేతుల కింద మెరిసిన రంగు పోతుంది, అమ్మ బొట్టు చెరిగిపోతుంది.

పోయిన వారం ఇక్కడే మిమ్మల్ని అడిగాను. మీరు రాసినవన్నీ మా బిడ్డ చదివి వినిపించింది. ఎండకూ వానకూ నిలబడే బండికి సీలెంట్ మంచిదట, చాలాకాలం ఉంటుందట. మైనం తొందరగా పోతుంది, మళ్లీ మళ్లీ రాయాలి. కానీ షెడ్డు దాటని పాత బండికి అదే చాలన్నారు, చేత్తో మెల్లగా రాయొచ్చన్నారు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, నువ్వు ఊకె పరేషాన్ గాకు. సీలెంట్ కొట్టిస్తే మస్తు దినాలు దాని దిక్కు సూసే పనే ఉండది" అన్నాడు.

"సూసే పనే లేకుంటె నేను తాండూరుకు ఏం పని మీద రావాలె రా?"

మంచం కిర్రుమన్నది, వాడు లేచి కూర్చున్నట్టున్నాడు.

"నా నడుము వంగది గదనే" అన్నాడు మెల్లగా.

"పైన పైన నువ్వు రాయి. కింద నేను పీట ఏస్కొని రాస్త. ఒక్కదినంల కాకుంటె రెండు దినాలు ఉంట."

"రెండు దినాలు ఉంటవా? నిజంగనా?" అన్నాడు. షాపుకు రానని ఆ సాయంత్రమే చెప్పేశాడు.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా కార్లే... నురగ కొట్టి, గాలి కొట్టి, టీ తాగేలోపు మెరిపించి ఇస్తున్నారు. మంచిదే. కానీ ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఒక బండి ఒళ్లు తుడిచిన ఆదివారాలు ఎక్కడున్నాయి... మీ ఇంట్లో అట్లా చూసుకున్న బండి ఏదైనా ఉందా? సైకిలైనా సరే, రాయండి, చదివించుకుంటాను.

మైనం డబ్బా బిడ్డ కొని తెచ్చింది. మూత గట్టిగా ఉందో లేదో ఇప్పటికే చాలాసార్లు చూశాను. తమ్ముడూ నేనూ తారీఖు ఖాయం చేసుకున్నాం... ఈ నెల పద్దెనిమిది, ఆదివారం, మేముండే వికారాబాద్‌లో పొద్దున మొదటి బస్సే ఎక్కుతాను.