పాటి మీద రొట్టెల చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆట పట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఫలానా చోట తెల్లచీర కనపడిందని ఎవరైనా అంటే, ఆరేసిన చీరేమో చూసుకోవయ్యా అనేవాణ్ని. ఇప్పటికీ నా ధోరణి అదే. ఈ ఒక్క సంగతి మాత్రం అందులో ఇమడటం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాని. మాది కృష్ణా డెల్టా. కొత్త చోట్లు చూడటం, అక్కడి తిండి తినడం నాకు పిచ్చి. సెలవు దొరికితే ఎమ్మిగనూరు వెళ్లి మగ్గాలు చూసేవాణ్ని, మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్డున కూర్చునేవాణ్ని. ఇంట్లో ఇడ్లీ ఉన్నా సరే, బొరుగులతో చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ కోసం పొద్దున్నే బజారుకి పోయేవాణ్ని.

నా భార్య రాజ్యం సంగతి వేరు. కాన్పులో బిడ్డ పోయినప్పటి నుంచి ఆమెకి తిండి సయించడం లేదు. మొండితనం కాదు. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయేది. చూస్తూ చూస్తూ పుల్లలా అయిపోయింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, తన దగ్గర మందు లేదనీ, ఎలాగైనా ఆకలి పుట్టించకపోతే మనిషి దక్కదనీ చెప్పాడు.

మా మిల్లుకి పత్తి తోలే హుసేనప్పది హాలహర్వి అవతల పల్లె. పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారట. రాజ్యం సంగతి విని, "అమ్మను ఒకతూరి మా పక్కకు పిల్సుకొని రా సారూ. జింకల్ని సూస్తే మనసు తేటైతాది. మా అవ్వ సేతి జొన్నరొట్టె తింటే ఆకలి దాని పాటికదే వస్తాది" అన్నాడు.

ఎండాకాలం చివర బయల్దేరాం. హాలహర్వి దాకా బస్సు, అక్కడి నుంచి హుసేనప్ప ఎడ్లబండి. ఎటు చూసినా నెర్రెలిచ్చిన నల్లరేగడి, దాని మీద ఆకాశం. కృష్ణజింకల మంద ఒకటి మా ముందు నుంచి గాల్లోకి లేస్తూ దాటింది. రాజ్యం బండిలో లేచి కూర్చుంది. కాసేపటికి దూరంగా నిలువెత్తు పిట్ట ఒకటి నడుస్తూ కనిపించింది. బట్టమేక. కన్నడంవాళ్లు దాన్ని ఎరెభూత అంటారని, అంటే నల్లరేగడి భూతమని హుసేనప్ప చెప్పాడు. నేను నమ్మే భూతం ఇదొక్కటే అన్నాను. రాజ్యం నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఆ ఉత్సాహంలో పిట్ట వెంట బాట వదిలేసి పోయాం. మబ్బు పట్టడం ఎవరమూ చూసుకోలేదు. వాన ఒక్కసారిగా కుమ్మేసింది. నల్లరేగడి తడిస్తే బండి కదలదు, చక్రాలకి మన్ను ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది. మేం చిక్కుకున్నది వంక పక్కన, ఆ వాగు పొంగితే మునిగే పల్లంలో. చేయి చాచితే చేయి కనపడటం లేదు. హుసేనప్ప ఎడ్లని విప్పేశాడు.

"వంక వస్తాంది సారూ. మిట్టకు పోవల్ల. ఏ దిక్కో తెలీకుండా ఉంది" అన్నాడు.

అప్పుడు రాజ్యం తల ఎత్తింది. "ఎవరో రొట్టెలు తడుతున్నారండీ" అంది.

నేను చెవులు రిక్కించాను. వాన హోరు తప్ప ఏమీ లేదు. "ఈడ ఊరు యాడుందమ్మా?" అన్నాడు హుసేనప్ప. ఆమె వినిపించుకోలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, చెప్పులు వదిలేసి ఆ బురదలో నడిచింది. పిలిచినా ఆగలేదు. ఎడ్లని తోలుకుంటూ ఆమె వెనక పడ్డాం.

నేల ఎత్తుగా లేచింది. కాలికి రాళ్లు తగిలాయి. కూలిన గోడలు కనిపించాయి. "ఇది పాటి సారూ, మా పాత ఊరు" అన్నాడు హుసేనప్ప. ఎప్పుడో ప్లేగు వచ్చినప్పుడు జనం దాన్ని వదిలేసి, దూరంగా కొత్త ఊరు కట్టుకున్నారట. ఒక గోడ పక్కన పొయ్యి రాళ్ల దగ్గర రాజ్యం నిలబడి ఉంది. చప్పుడు అక్కడిదాకా వినపడి ఆగిపోయిందని చెప్పింది. ఆమె మొహంలో భయం లేదు. పొయ్యిలో తడిసిన గడ్డి తప్ప ఏమీ లేదు.

వాన తెరిపిచ్చాక చూస్తే, వంక పల్లమంతా కమ్మేసింది. నీళ్ల పైన మా బండి కాడి మాత్రం కనిపిస్తోంది.

కొత్త ఊరి చప్పుడు గాలికి వచ్చిందనుకుందామంటే, ఊరు చాలా దూరం. పైగా గాలి మా వైపు నుంచి అటు వీస్తోంది. పాత కుండ మీద చినుకులు పడ్డాయేమోనని చుట్టూ వెతికాను కూడా. పెంకు ముక్క దొరకలేదు.

ఊరు చేరాక హుసేనప్ప అవ్వ ఈరమ్మ మాకు పొడి బట్టలిచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి రొట్టెలకి పిండి కలిపింది. ఆ పల్లెల్లో రొట్టె తట్టే చప్పుడుని బట్టి ఎవరి చెయ్యో చెప్పేస్తారు. సందులో నడుస్తూనే, ఫలానా కోడలు పుట్టింటి నుంచి వచ్చేసిందని తెలుసుకుంటారు. అందుకే రాజ్యం చెప్పింది వినగానే ఈరమ్మ, "ఎట్ల తట్టినారు, సెప్పు తల్లీ" అని అడిగింది.

రాజ్యం అరచేతి మీద తట్టి చూపించింది. రెండు గబగబా, కాస్త ఆగి, ఒకటి గట్టిగా.

ఈరమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. "మా అత్త సెయ్యి అది" అంది. "ఆయమ్మకు ఏలు వంకర. రెండు తట్టి, ఏలు సర్దుకొని, మూడోది ఏస్తాండె. అందరం తిన్యాంక ఇంగొక రొట్టె తట్టి పెడ్తాండె, దావన పొయ్యేవాళ్లకు అని. ప్లేగులో ఆడనే పోయె."

హుసేనప్ప పుట్టకముందే పోయిన మనిషి. వంకర వేలి సంగతి వాడూ అప్పుడే వింటున్నాడు. వాడు రాజ్యానికి చెప్పి ఉంటాడనుకోవడానికి లేదు.

"నేను తడతాను అవ్వా" అని రాజ్యం పీట ముందుకి జరిగింది. నేను ఆపబోయాను. అన్నం తప్ప ఎరగని డెల్టా పిల్ల. ఆదోనిలో ఎన్నిసార్లు ప్రయత్నించినా రొట్టె అంచులు పగిలి ముక్కలయ్యేది. ఆ సాయంత్రం ఆమె చేతి కింద రొట్టె ఎక్కడా పగలకుండా గుండ్రంగా తిరిగింది. రెండు గబగబా, కాస్త ఆగి, ఒకటి. ఈరమ్మ కళ్లు మూసుకుని వింటూ కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ రొట్టె మీద వెన్న, వెర్రినువ్వులు దంచిన నల్లటి గురెల్ల కారం వేసుకుని రాజ్యం మొత్తం తినేసింది. తిని, "ఇంకోటి పెట్టవ్వా" అంది. నేను ఎడ్లని చూసొస్తానని బయటికి వెళ్లి ఏడ్చాను.

రాజ్యం కోలుకుంది. మాకు తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. డెల్టాకి తిరిగొచ్చేశాం, నాకు జుట్టు నెరిసింది. ఆ రోజు నీకు నేర్పిందెవరని అడిగితే, విన్నాను, అంతే అంటుంది. అంతకంటే నాకూ ఏమీ తెలియదు.

ఇంట్లో జొన్న రొట్టెలు చేసే రోజున ముందు గదిలో కూర్చుని వింటాను. రాజ్యం వేళ్లు తిన్నగానే ఉన్నాయి. అయినా రెండు తట్టి ఆగుతుంది. అందరం తిన్నాక ఇంకొక రొట్టె తడుతుంది. ఎవరికని నేను అడగను. లేచి వెళ్లి వీధి తలుపు తీసి పెడతాను.